మీల్ రీప్లేస్‌మెంట్ పొడితో బ్రౌనీలు: చెప్పు అట్టలా కాకుండా రావాలంటే

కాజీపేట నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బరువు తగ్గడానికి రాత్రి భోజనం మాని చాక్లెట్ రుచి ఉన్న మీల్ రీప్లేస్‌మెంట్ పొడిని పాలలో కలుపుకొని తాగుతున్నారు. రెండు నెలలకే ఆ షేకు మీద వెగటు పుట్టింది. ఇంకా రెండు డబ్బాలు మిగిలాయి. మైదాకు బదులు ఒక కప్పు పొడి, రెండు గుడ్ల తెల్లసొన, నీళ్ళు కలిపి, నెయ్యి, నూనె ఏవీ వేయకుండా, కుక్కర్‌లో 35 నిమిషాలు పెట్టి బ్రౌనీలు చేస్తే చెప్పు అట్టలా వచ్చాయి. ఎక్కడ తప్పింది, వీటిని పూట భోజనం కింద లెక్క వేసుకోవచ్చా, షుగరు ఉన్న అత్తమ్మకు పెట్టవచ్చా అన్నవి మిగిలిన సందేహాలు.

నన్ను అక్కా అన్నారు కనుక చనువుగానే చెబుతాను. మీ చేతి వాటంలో లోపం లేదు. పొడిని మైదా అనుకోవడం ఒక్కటే తప్పు, మిగిలిన తప్పులన్నీ దాని పిల్లలు.

నేను హన్మకొండలో ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తాను. పదకొండేళ్ళుగా ఇదే పని. నాలుగేళ్ళ క్రితం నేనే తొమ్మిది కిలోలు తగ్గవలసి వచ్చినప్పుడు ఈ డబ్బాలు మా ఇంట్లోకి వచ్చాయి. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడక, రాత్రికి షేకు. కేకులు చేసే చేయి ఊరుకోదు కదా, మూడో వారానికే పొడి ఓవెన్‌లోకి వెళ్ళింది. మొదటిసారి వచ్చిన ముక్కను చూసి మా అబ్బాయి, క్యారమ్స్ ఆటకు స్ట్రైకర్‌గా పనికొస్తుందన్నాడు. కాబట్టి మీ ఫొటో చూసి నేను నవ్వలేదు.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రావాలన్నది మన దేశంలో లేబుళ్ళకు ఉన్న నియమం. అందుకే మొదటి మూడు పేర్లు చదివితే మీ పొడి స్వభావం సగం తెలిసిపోతుంది. మొదట వే ప్రొటీన్ (పాలు విరిగాక మిగిలే తేట నుంచి తీసేది) ఉంటే అది వేడికి బిగుసుకుపోయే రకం. సోయా ప్రొటీన్ ఉంటే నీళ్ళు విపరీతంగా పీల్చుకుంటుంది, పచ్చి సోయా వాసన కూడా కాస్త తగులుతుంది. పాలపొడి, మాల్టోడెక్స్‌ట్రిన్ (గంజి పదార్థం నుంచి చేసే పొడి) ముందుంటే బ్రౌనీ మెత్తగానే వస్తుంది కానీ, దాని సంగతి మీ అత్తమ్మ గురించి చెప్పేటప్పుడు చూద్దాం. జాబితా చివర్లో గ్వార్ గమ్, జాంథన్ గమ్ లాంటి జిగురు పదార్థాలు ఉంటాయి. షేకు చిక్కగా ఉండేది వాటివల్లే. అదే పిండిని మిక్సీలో వేసి తిప్పితే బంకలా సాగుతుంది. మిక్సీ వద్దు, గరిటె చాలు.

ఇప్పుడు చెప్పు అట్ట కథ. మామూలు బ్రౌనీలో మెత్తదనం మైదా నుంచి రాదు, చక్కెర, వెన్నల నుంచి వస్తుంది. నేను ఆర్డర్లకు చేసే ట్రేలో 100 గ్రాముల మైదాకు 250 గ్రాముల చక్కెర, 150 గ్రాముల వెన్న, 150 గ్రాముల చాక్లెట్, మూడు గుడ్లు పడతాయి. చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, గుడ్డు తొందరగా గట్టిపడకుండా ఆపుతుంది, పైన పలచని పగుళ్ళ పొరను ఇస్తుంది. మీ పొడిలో తీపికి వాడే సుక్రలోజ్ చక్కెర కంటే సుమారు 600 రెట్లు తీపి. కాబట్టి అది ఉండేది మిల్లీగ్రాముల్లోనే. తీపి వచ్చింది, చక్కెర చేసే మిగతా పనులు చేయడానికి ఎవరూ లేరు. ఇక వే ప్రొటీన్ 70 డిగ్రీలు దాటాక ముద్దకట్టడం మొదలవుతుంది, ఇంకా వేడి తగిలితే తనలోని నీటిని బయటికి పిండేస్తుంది. ఎక్కువసేపు ఉడికిన గుడ్డులో తెల్లసొన ఎలా సాగుతుందో తెలుసు కదా. మీరు ఆ ప్రొటీన్‌కు తోడుగా మళ్ళీ తెల్లసొనే వేశారు, కొవ్వు చుక్క కూడా వేయలేదు, పైగా 35 నిమిషాలు పొడి సెగ. రబ్బరు కాక ఇంకేమవుతుంది!

దీనికి నాకు దొరికిన విరుగుడు ఓవెన్‌లో లేదు, ఇడ్లీ పాత్రలో ఉంది. ఆవిరి 100 డిగ్రీలు దాటదు. అంచులు మాడవు, తడి ఎగిరిపోదు, ప్రొటీన్ మరీ బిగుసుకోదు. పైగా మనకు కప్పులు, గ్రాముల కంటే ఇడ్లీల లెక్క పుట్టుకతో వచ్చింది. ఎనిమిది ఇడ్లీలు పోస్తే రెండు పూటలు. నాలుగు తింటే ఒక పూట. అంతకు మించిన తూకం యంత్రం అక్కరలేదు.

ఎనిమిదింటికి కొలతలు చెబుతాను. పొడి రెండు స్కూపులు. నా డబ్బాలో స్కూపు 35 గ్రాములు, 130 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. మీ డబ్బా అంకెలు వేరైతే లెక్కను దానికి తగ్గట్టు సవరించుకోండి. తీపి లేని కోకో పొడి 10 గ్రాములు, అంటే గుండుగా ఒకటిన్నర టేబుల్ స్పూన్లు. తాగే చాక్లెట్ పొడి డబ్బాలు వేరు, వాటిలో ఎక్కువ భాగం చక్కెరే ఉంటుంది, అవి వద్దు. జొన్నపిండి 20 గ్రాములు. ఓట్స్ వేయమని అందరూ రాస్తారు, వేయవచ్చు, కానీ జొన్నపిండి ఇచ్చే పొడిపొడితనం ఈ బంక పొడికి చక్కటి జోడీ. రొట్టెలు చేసే ఇంట్లో ఎలాగూ ఉంటుంది. ఒక గుడ్డు, పచ్చసొనతో సహా. పచ్చసొనలోని కొవ్వు ఇక్కడ మనకు కావాలి, దాన్ని పారేయడం ఈ వంటకానికి చేసే పెద్ద ద్రోహం. గట్టి పెరుగు 60 గ్రాములు, బాగా మగ్గిన అరటిపండు గుజ్జు 60 గ్రాములు, పాలు రెండు మూడు టేబుల్ స్పూన్లు, కరిగిన నెయ్యి ఒక టీ స్పూను. బేకింగ్ పౌడర్ అర టీ స్పూను, వంట సోడా చిటికెడు, ఉప్పు చిటికెడు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి పావు టీ స్పూను వేస్తే కోకో రుచి పైకి తేలుతుంది, కాఫీ రుచి తెలియదు.

ఇంకో చిలిపి పని కూడా చేస్తాను. మన చపాట మిర్చి కారం చిటికెడు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ మిరపకు రంగెక్కువ, ఘాటు తక్కువ. చాక్లెట్‌లో వేస్తే మంట పుట్టదు, గొంతులో చిన్న వెచ్చదనం మిగులుతుంది. నచ్చకపోతే వదిలేయండి. మా వారికి నచ్చదు.

కలపడంలో ఒక వరస ఉంది. అరటి గుజ్జు, పెరుగు, గుడ్డు, నెయ్యి, పాలు ముందు గిలకొట్టండి. పొడి, కోకో, జొన్నపిండి, ఉప్పు, కాఫీ కలిపి జల్లించి మూడు విడతలుగా వేసి గరిటెతో పైపైన కలపండి. తర్వాత పది నిమిషాలు అలా వదిలేయాలి. ఈ పది నిమిషాలే అందరూ ఎగ్గొట్టేది. ప్రొటీన్, జిగురు, జొన్నపిండి తమకు కావలసిన తడిని ఆ వ్యవధిలో తాగుతాయి. అప్పుడు చూస్తే పిండి ఇందాకటి కంటే చిక్కగా ఉంటుంది. ఇడ్లీ పిండి కంటే కాస్త చిక్కగా, గరిటె నుంచి ముద్దగా జారేలా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే ఇంకో చెంచా పాలు పోయండి. సోయా పొడి అయితే తప్పకుండా పోయవలసి వస్తుంది. బేకింగ్ పౌడర్, సోడా అన్నిటికంటే చివర, పాత్రలో నీళ్ళు మరుగుతున్నప్పుడు కలపాలి. ముందే వేస్తే పిండి నానేలోపే దాని శక్తి ఖర్చయిపోతుంది.

గుంటలకు నెయ్యి రాసి, ముప్పావు వంతు మాత్రమే పోసి, మధ్యస్థ సెగ మీద తొమ్మిది పది నిమిషాలు పెట్టండి. విజిల్ పెట్టకూడదు. వేలితో తాకితే మధ్యలో మెత్తగా, కానీ జారకుండా ఉండాలి. పుల్ల గుచ్చితే పొడిగా వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, తడి పలుకులు నాలుగు అంటుకొని రావాలి. దించాక మూత తీసి పది నిమిషాలు చల్లారనిచ్చి అప్పుడు తీయండి. వేడిమీద తింటే గుడ్డు వాసన, పొడి వాసన రెండూ తెలుస్తాయి. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తింటే బ్రౌనీ అనే మాటకు దగ్గరవుతుంది. ఇడ్లీ ఆకారం చూసి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.

గుడ్డు తినని ఇళ్ళలో ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి గుడ్డు స్థానంలో వేయవచ్చు. కాస్త జిగటగా వస్తాయి, తప్పదు.

ఓవెన్ ఉన్నవాళ్ళు ఇదే పిండిని అర కిలో కేకు చేసే ఆరంగుళాల గుండ్రటి టిన్నులో పోసి, 160 డిగ్రీల దగ్గర 14 నుంచి 16 నిమిషాలు పెట్టవచ్చు. 12వ నిమిషం నుంచే చూస్తూ ఉండాలి. మీలా కుక్కరే వాడాలనుకుంటే ఖాళీ కుక్కర్‌ను వేడిచేయడం మానండి, గాస్కెట్ తీసినా అడుగు పాడవుతుంది. మందపాటి అడుగున్న పాత గిన్నెలో స్టాండు పెట్టి, మూత వేసి ఎనిమిది నిమిషాలు వేడిచేశాక టిన్ను దించి, సన్న సెగ మీద 20 నిమిషాలు చాలు.

ఇప్పుడు భోజనం లెక్క. పైన చెప్పినవన్నీ కలిపితే సుమారు 600 కేలరీలు. పొడివి 260, గుడ్డుకు 70, జొన్నపిండికి 70, అరటిపండుకు 60, నెయ్యికి 45, పెరుగుకు 40, కోకోకు 30, పాలకు 25. నాలుగు ఇడ్లీలకు 300 కేలరీలు, 18 గ్రాముల పైచిలుకు ప్రొటీన్. బరువు తగ్గించే ఆహారాలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం పూటకు 200 నుంచి 400 కేలరీలు అంటుంది, కాబట్టి లెక్క సరిపోయింది.

ఇక్కడే మీరు, మీరే కాదు నేనూ, పడిన గొయ్యి ఒకటుంది. చాలా డబ్బాల మీద పోషకాల పట్టికలో రెండు వరుసలుంటాయి. పొడికి ఒకటి, పాలతో కలిపాక ఇంకొకటి. 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో సుమారు 120 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మీరు నీళ్ళతో చేసినప్పుడు ఆ సగం భోజనం ఎగిరిపోయింది. రాత్రి పదింటికి ఆకలేసి పెరుగన్నం తిన్నానని రాశారే, కారణం అదే. పెరుగు, గుడ్డు, జొన్నపిండి వేసింది రుచికోసం మాత్రమే కాదు, పాల బాకీ తీర్చడానికి కూడా.

దీనికి ఎదురు గొయ్యి కూడా ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే డైట్ బ్రౌనీల్లో పల్లీ వెన్న రెండు టేబుల్ స్పూన్లు, చాక్లెట్ చిప్స్ గుప్పెడు, తేనె రెండు చెంచాలు వేయమంటారు. పల్లీ వెన్న రెండు టేబుల్ స్పూన్లే సుమారు 190 కేలరీలు, అంటే ఒక స్కూపు పొడి కంటే ఎక్కువ. అలా చేసేదానికంటే నా ఆర్డర్ ట్రేలోంచి అసలు సిసలు బ్రౌనీ ఒక్క ముక్క తినడం మేలు, అది 215 కేలరీలు. నిజం చెప్పాలంటే పండక్కి నేను చేసే పని కూడా అదే. నాకు డబ్బా అమ్మినావిడ మాత్రం ఈ పొడితో చేసింది ఎంత తిన్నా ఫరవాలేదని చెప్పింది. పిండి కొద్దీ రొట్టె అన్నారు, పొడి కొద్దీ కేలరీలు.

మీ అత్తమ్మ విషయం. పెట్టకండి అని నేరుగా అనను కానీ, రెండు విషయాలు చూడకుండా పెట్టకండి. మొదటిది, డబ్బా మీద చక్కెర కలపలేదని పెద్ద అక్షరాలతో ఉన్నా లోపల మాల్టోడెక్స్‌ట్రిన్ ఉండవచ్చు. అది నాలుకకు తీపి కాదు, రక్తంలోకి మాత్రం దాదాపు గ్లూకోజు వేగంతోనే వెళుతుంది. రెండోది మందులు. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు అన్నం మాని నాలుగు ఇడ్లీ బ్రౌనీలు తింటే మందు మోతాదు అలాగే ఉండి షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో ఇలాంటి పొడులతో మధుమేహం వెనక్కి మళ్ళిందని చాలామంది వాట్సాప్‌లో పంపుతుంటారు. ఆ అధ్యయనం నిజమే. పేరు డైరెక్ట్, ఫలితాలు 2017లో వచ్చాయి, ఏడాది తర్వాత 46 శాతం మందిలో మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది. కానీ అందులో చేరినవారు ఇన్సులిన్ మీద ఉన్నవారు కారు. జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివారు. వైద్య సిబ్బంది పర్యవేక్షణలో షుగరు మాత్రలు మొదటి రోజే ఆపి, మూడు నుంచి ఐదు నెలలు రోజంతా కలిపి సుమారు 850 కేలరీలే తీసుకున్నారు. మన వంటింటి ప్రయోగం దానికి సాటి కాదు. అత్తమ్మను చూసే డాక్టరుకు డబ్బా లేబుల్ ఫొటో చూపించండి. కిడ్నీ సమస్య ఉన్నా, ఇంట్లో గర్భిణులు, బాలింతలు ఉన్నా ఇదే మాట. ఆవిడకు తీపి తినాలని ఉంటే, భోజనానికి బదులుగా కాకుండా, భోజనంలో కొంత తగ్గించి ఒక్క ఇడ్లీ చాలు.

వండితే పోషకాలు పోతాయా అని మీరు అడగలేదు కానీ అడగవలసిన ప్రశ్న. ప్రొటీన్ ఎక్కడికీ పోదు, ఆకారం మారుతుంది అంతే. ఇనుము, కాల్షియం అలాగే ఉంటాయి. విటమిన్ సి, బి1, ఫోలేట్ కొంత తగ్గుతాయి. ప్రొబయోటిక్స్, అంటే పొట్టకు మేలు చేసే సూక్ష్మజీవులు, ఉన్నాయని డబ్బు ఎక్కువ పెట్టి కొన్న పొడి అయితే ఆ మేలు వేడికి పోయినట్టే. తీపి విషయానికొస్తే, సుక్రలోజ్‌ను 120 డిగ్రీలకు మించి వేడిచేస్తే హానికర క్లోరిన్ సమ్మేళనాలు ఏర్పడవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ ఒకటి 2019లో హెచ్చరించింది. తడి ఉన్నంతసేపు బ్రౌనీ లోపలి వేడి 100 దాటదు, దాటేది అంచులూ పై పొరా. నేను ఆవిరికి మారడానికి రుచి ఒక కారణమైతే ఇది రెండోది. అస్పర్టేమ్ ఉన్న పొడి అయితే వేడికి తీపే తగ్గిపోతుంది. మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు ఉంటే విరేచనకారి కావచ్చని లేబుల్ మీదే రాసి ఉంటుంది, దాన్ని నమ్మండి. నేను నమ్మకుండా ఒకసారి ఆరు తిని పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దాకా ఉండలేకపోయాను.

అసలు ఈ పొడి మనకు మరీ కొత్తదేమీ కాదు. సద్దుల బతుకమ్మనాడు మనం చేసే సత్తుపిండికి ఇది దూరపు చుట్టం. మక్కలు వేయించి విసిరి, తీపి కలిపి, అలాగే నోట్లో వేసుకుంటాం, ముద్ద చేసుకుంటాం. దాన్ని తీసుకెళ్ళి కాల్చాలని ఎవరికీ తోచదు, అవసరమైన వేడి ముందే చూసి వచ్చింది కనుక. ఈ ఆలోచన తట్టాక వేసవిలో నేను పొయ్యి వెలిగించడమే మానేశాను. ఒక స్కూపు పొడి, ఒక టీ స్పూను కోకో, వేయించిన పల్లీల పొడి 10 గ్రాములు, గింజ తీసి మెత్తగా నలిపిన చిన్న ఖర్జూరం ఒకటి, పాలు రెండు టేబుల్ స్పూన్లు. చపాతీ ముద్దలా అయ్యేదాకా పిసికి, నెయ్యి చేయితో చిన్న పళ్ళెంలో అదిమి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే నాలుగు ముక్కలు. సుమారు 240 కేలరీలు. పక్కన అర గ్లాసు పాలు తాగితే ఒక పూట. విటమిన్లు, ప్రొబయోటిక్స్ చెక్కుచెదరవు. ఓపిక లేని రోజుల్లో మీకు ఇదే దారి. బ్రౌనీ కంటే దీన్ని చాక్లెట్ సత్తు ముద్ద అంటేనే నిజాయితీగా ఉంటుంది.

రోజుకు ఒక పూట కంటే ఎక్కువ దీని మీద నడపకండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. మీది కండల కోసం కాదు, అయినా రెండో పూట పప్పు, కూర, గుడ్డు, పెరుగు అనేవాటికి చోటు మిగల్చండి. నడక ఆపకండి.

నిల్వ సంగతి. గుడ్డు, పెరుగు ఉన్న వంటకం, మన ఊరి మే నెలలో వంటింటి గట్టు మీద గంటకు మించి ఉండకూడదు. మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు, విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో నెల. మళ్ళీ వేడిచేయాలంటే మైక్రోవేవ్‌లో 15 సెకన్లు, అంతే. అరనిమిషం దాటితే తెలుసు కదా, చెప్పు అట్ట.

మీ దగ్గర రెండు డబ్బాలున్నాయి కనుక మొదటి విడత అన్నీ సగం కొలతలతో నాలుగు ఇడ్లీలకే చేయండి. గుడ్డును గిలకొట్టి సగం వాడి, మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మరుసటి పొద్దున ఆమ్లెట్‌లో కలుపుకోండి. పిండి బిగుసుకుందనిపిస్తే డబ్బా మీది మొదటి మూడు పదార్థాల పేర్లు రాయండి, పాలు ఎంత పెంచాలో చెబుతాను.